2019 ప్రియస్ కొనాలా, 2018 మోడల్ ఎస్ 75డి కొనాలా? డాలస్, అపార్ట్‌మెంట్, రోజుకి 60 మైళ్లు

ఇర్వింగ్‌వాసి:

అందరికీ నమస్కారం. రెండు సెకండ్‌హ్యాండ్ కార్ల దగ్గర ఆగిపోయాను, తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి 2019 టయోటా ప్రియస్ ఎల్‌ఈ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్, దానికి తోడు బ్యాటరీ), 78 వేల మైళ్లు తిరిగింది, 17,500 డాలర్లు చెబుతున్నారు. రెండోది పూర్తి ఎలక్ట్రిక్, 2018 టెస్లా మోడల్ ఎస్ 75డి, 91 వేల మైళ్లు, 20,900. ఒకప్పుడు 80 వేల డాలర్ల పైమాటే అయిన కారు ఈ ధరకి వస్తోందంటే మనసు అటే లాగుతోంది.

ఉండేది ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్. పార్కింగ్ ఆరుబయటే, చార్జర్ లేదు. ఆఫీసుకి రానూపోనూ 60 మైళ్లు, ఎక్కువ భాగం హైవే మీదే. రెండు నెలలకోసారి హ్యూస్టన్ ప్రయాణం ఉంటుంది. ఏప్రిల్లో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు, కాబట్టి ఎక్కడం దిగడం, సూట్‌కేసులు కూడా చూసుకోవాలి.

నెలకి ఖర్చు ఎందులో తక్కువ? వారంటీ అయిపోయాక ఏది ఎక్కువ దెబ్బ కొడుతుంది? కొనేముందు దేన్ని ఎలా చూడాలి?

నట్టుబోల్టు:

ముందు ఒక్క విషయం తేల్చుకోండి: రాత్రి కారు ఎక్కడ నిలబడుతుంది? మీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే ఉంది.

రోజుకి 60 మైళ్లు, ఏడాదికి 250 పనిదినాలు అంటే 15,000 మైళ్లు. ప్రియస్‌కి ఈ.పి.ఏ. (అమెరికా పర్యావరణ సంస్థ) ఇచ్చిన అంకె గ్యాలన్‌కి 52 మైళ్లు. మన ఎండల్లో ఏసీ వేసుకుని 75 మైళ్ల వేగంలో పోతే 48 అనుకోండి. సుమారు 312 గ్యాలన్లు, గ్యాలన్ 3 డాలర్ల చొప్పున 940 డాలర్ల దాకా అవుతుంది.

75డి వంద మైళ్లకి సుమారు 33 యూనిట్లు తాగుతుంది (చార్జింగ్‌లో పోయే నష్టం కలిపి). 15,000 మైళ్లకి 4,950 యూనిట్లు. సొంత ఇంట్లో యూనిట్ 14 సెంట్లకి దొరికితే 690 డాలర్లు. అదే కరెంటు సూపర్‌చార్జర్ (టెస్లా ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్) దగ్గర యూనిట్ 40 సెంట్లకి కొంటే 1,980. అక్కడ చార్జింగ్ నష్టం కాస్త తక్కువే, కాని హైవే వేగమూ ఏసీ కలిసి ఆ మిగులును తినేస్తాయి, కాబట్టి లెక్క ఇలాగే పెట్టుకోండి. దీనికి తోడు టెక్సస్‌లో ఎలక్ట్రిక్ కారుకి రిజిస్ట్రేషన్‌తో పాటు ఏటా 200 డాలర్లు అదనం, 2023 సెప్టెంబరు నుంచి ఉంది. డాలస్ కౌంటీలో ప్రియస్‌కి ఏటా ఎమిషన్ టెస్ట్ ఉంటుంది, టెస్లాకి ఉండదు. ఆ కాస్త ఆదా 200 ముందు లెక్కలోకి రాదు.

అంటే ఇంట్లో ప్లగ్ లేని మనిషికి ఎలక్ట్రిక్ కారు నడపడానికే గ్యాస్ (పెట్రోలు) కారుకి రెండింతలు పైగా పడుతుంది. పైగా రోజుకి 20 యూనిట్లు వాడతారు కాబట్టి రెండు రోజులకోసారి సూపర్‌చార్జర్ దగ్గర అరగంట కూర్చోవాలి. నిండాక కారు తీయకపోతే ఐడిల్ ఫీజు నిమిషాల లెక్కన పడుతుంది.

టైర్లు కూడా మరిచిపోకండి. ప్రియస్ బరువు 3,050 పౌండ్ల చుట్టూ ఉంటుంది, 195/65 ఆర్15 టైరు ఏ షాపులో అయినా దొరుకుతుంది. మోడల్ ఎస్ 4,600 పౌండ్ల పైన. 245/45 ఆర్19 వేయాలి, 21 అంగుళాల చక్రాలుంటే ఇంకా ఖరీదు, ఇంకా త్వరగా అరుగుతాయి. ఇన్సూరెన్స్‌కి మాత్రం నోటి లెక్కలు వద్దు. రెండు కార్ల విన్ నంబర్లూ (ఒక్కో కారుకీ ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఒకే కవరేజీకి కోట్ తీసుకోండి. మోడల్ ఎస్ బాడీ అల్యూమినియం, డాలస్‌లో వడగళ్లు పడితే సొట్టలు తీయడం ఇనుప రేకు మీద తీసినంత సులువు కాదు, అందరూ చేయరు కూడా.

సూట్‌కేసుల సంగతి: ఇద్దరికీ కలిపి 23 కిలోలవి నాలుగు వస్తాయి. రెండు కార్లకీ వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. మోడల్ ఎస్ సెడాన్‌లా కనిపించినా నిజానికి అదీ హ్యాచే. వెనక సీట్లో ఒక భాగం మడిస్తే నాలుగూ పడతాయి, ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చోవచ్చు. రెండు కార్లూ నేలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి రెండూ ఒకటే. టెస్లాకి ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ఎక్కేముందు ఎత్తు పెంచుకోవచ్చు, అది మాత్రం నిజంగా పనికొచ్చే సౌకర్యం.

హైబ్రిడ్‌మెకానిక్:

ప్రియస్ చూసే పద్ధతి చెబుతాను.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. బానెట్ ఎత్తి రెండు కూలెంట్ డబ్బాలూ చూడండి, ఒకటి ఇంజిన్‌ది, ఇంకొకటి ఇన్వర్టర్‌ది (బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే పెట్టె). గులాబీ రంగు ద్రవం రెండు గీతల మధ్య ఉండాలి. ఇంజిన్ డబ్బాలో అడుగంటితే కారణం తేలేదాకా ఆ కారు వద్దు. తర్వాత స్టార్ట్ చేసి ఇంజిన్ మొదటిసారి తిరిగేటప్పుడు చెవి పెట్టండి. కొన్ని సెకన్ల పాటు డబడబా ఊగి తర్వాత సర్దుకుంటే సిలిండర్‌లోకి కూలెంట్ దిగుతోందేమోనని అనుమానించాలి.

హైబ్రిడ్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాన్ క్యాబిన్ గాలినే పీల్చుకుంటుంది. ఆ గాలి లోపలికి పోయే జాలీ, దాని వెనక పల్చటి ఫిల్టర్ వెనక సీటు కింది భాగంలో ఉంటాయి. జాలీ ఊడదీసి ఫిల్టర్ బయటికి తీయండి. బూడిదరంగు దూది పరిచినట్టు దుమ్ము పట్టి ఉంటే, కుక్క వెంట్రుకలు అల్లుకుని ఉంటే, బ్యాటరీ ఎన్నో వేసవులు ఊపిరాడక పనిచేసిందన్నమాట. టెక్సస్‌లో ఈ బ్యాటరీలను చంపేది వేడి. కొన్నాక ఏడాదికి రెండుసార్లు వ్యాక్యూమ్‌తో శుభ్రం చేసుకోండి, పది నిమిషాల పని. వెనక సీట్లో సామాను పడేసి ఆ జాలీ మూసేయకూడదు.

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ చెప్పేది ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) ఒకటి కొని డాక్టర్ ప్రియస్ యాప్‌తో బ్యాటరీ చూడండి. బ్యాటరీలో ఒక్కో భాగం (బ్లాకు) వోల్టేజి కనిపిస్తుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అన్నీ కలిసి దిగాలి, కలిసి లేవాలి. ప్రతిసారీ ఒకే బ్లాకు మిగతావాటికంటే ముందు కూలుతుంటే ఆ బ్యాటరీ ప్యాక్ రోజులు దగ్గరపడ్డాయి. 2019లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ వాటిలో లిథియం ప్యాక్, ఏడబ్ల్యూడీలో (నాలుగు చక్రాలకీ బలం అందేది) నికెల్ ప్యాక్. మీరు చూస్తున్న ఎల్‌ఈ ఏదో అడిగి తెలుసుకోండి.

ఆయిల్ 0డబ్ల్యూ-16, ఫిల్టర్‌తో కలిపి 4.4 క్వార్ట్లు. ఎక్కువ పోసిన కారు, పదివేల మైళ్లు దాటినా మార్చని కారు వద్దు. ఇంజిన్ కూలెంట్ లక్ష మైళ్లకి, స్పార్క్ ప్లగ్‌లు లక్షా ఇరవై వేలకి, ఇన్వర్టర్ కూలెంట్ లక్షన్నరకి. మీరు కొన్న రెండు మూడేళ్లలో మొదటి రెండూ మీ చేతి మీదే పడతాయి.

ఇప్పుడు అసలు సలహా. 2019కి హైబ్రిడ్ భాగాల వారంటీ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు. 78 వేలు తిరిగింది కాబట్టి మీ వాడకానికి ఏడాది దాటి కాస్త మిగులుతుంది, అంతే. 2020 మోడల్ నుంచి టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్లు చేసింది, కారు చేతులు మారినా అది కొత్త ఓనరుకి వస్తుంది. 2020లోనే కార్‌ప్లే (ఐఫోన్‌ని కారు తెర మీద వాడుకునే సదుపాయం) కూడా వచ్చింది. వెయ్యి, వెయ్యిన్నర ఎక్కువైనా 2020 వెతకండి. నా లెక్కలో ఈ రెండు కార్లకన్నా అదే మంచి బేరం.

వోల్ట్‌మీటర్:

మోడల్ ఎస్‌ని ఎవరూ ఊరికే తోసిపారేయకూడదు. నడపడానికి ఇప్పటికీ గొప్ప కారు. కాని 2018 కారు విషయంలో మొదట అడగాల్సింది ధర కాదు, మొదటి ఓనరు చేతికి ఏ తేదీన ఇచ్చారో అది. ఆ కార్లకి బ్యాటరీ, మోటారు మీద 8 ఏళ్లు, మైళ్ల పరిమితి లేని వారంటీ. 2018 మార్చిలో ఇస్తే 2026 మార్చిలో అయిపోతుంది. ఆ మర్నాడు ప్యాక్ పోతే పది వేల డాలర్ల పైన బిల్లు. ప్రియస్ ప్యాక్ అయితే రెండు మూడు వేలతో బయటపడతారు. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇదే.

చూడాల్సినవి:

రేంజ్. 75డి కొత్తప్పుడు 259 మైళ్లు. నూరు శాతం చార్జ్ చేయించి తెర మీద ఎన్ని మైళ్లు చూపిస్తోందో చూడండి. 230 పైన ఉంటే ఈ వయసుకి సంతోషమే. 210 చూపిస్తే ప్యాక్ గురించి గట్టిగా అడగాలి. డెబ్బై శాతానికో ఎనభైకో చార్జ్ ఆగిపోతుంటే కొనకండి.

స్క్రీన్ కంప్యూటర్. కంట్రోల్స్‌లో సాఫ్ట్‌వేర్, అందులో అదనపు వాహన సమాచారం తెరవండి. ప్రాసెసర్ ఇంటెల్ ఆటమ్ అని ఉండాలి, 2018 మార్చి నుంచి తయారైనవాటిలో అదే. అంతకుముందు వాటిలో ఎన్‌విడియా టెగ్రా. ఆ పాత బోర్డు మీద 8 జీబీ ఫ్లాష్ చిప్‌లోకి కారు రాత్రింబవళ్లు లాగ్ రాస్తూ రాస్తూ చిప్‌నే అరగదీసేది. తెర నల్లబడేది, వెనక కెమెరా పోయేది, అద్దం మీద ఆవిరి తీసే బటన్ కూడా ఆ తెరలోనే కాబట్టి అదీ పోయేది. దాని మీద 2021లో సుమారు 1,35,000 కార్లకి రీకాల్ వచ్చింది. పాత బోర్డు కారైతే ఆ రీకాల్ పని జరిగిందో లేదో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్లో విన్ కొట్టి చూడండి.

లోపం జాబితా. అదే సాఫ్ట్‌వేర్ పేజీలో మోడల్ పేరు మీద వేలు కొన్ని సెకన్లు నొక్కిపట్టి, అడిగినప్పుడు సర్వీస్ అనే ఇంగ్లీషు మాట కొడితే సర్వీస్ మోడ్ వస్తుంది. అక్కడ పాత అలర్ట్‌లు తేదీలతో ఉంటాయి. బ్యాటరీకి, కూలెంట్ పంపులకి, ఏసీ కంప్రెసర్‌కి సంబంధించినవి ఫోటో తీసుకోండి. ఏసీ కంప్రెసర్‌ని విడిగా ఎందుకు చెబుతున్నానంటే, బ్యాటరీని చల్లబరిచేదీ అదే. అది బలహీనపడితే ఆగస్టులో మీకూ చెమటే, సూపర్‌చార్జింగ్ వేగమూ పడిపోతుంది.

రోడ్డు మీద. 20 నుంచి 40 మైళ్ల మధ్య గట్టిగా తొక్కినప్పుడు ముందు భాగం వణికితే ముందరి హాఫ్ షాఫ్ట్‌లు (మోటారు నుంచి చక్రాలకి బలం పంపే కడ్డీలు) అరిగాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పుతూ నెమ్మదిగా పోతే కిర్రుమంటే కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని కారుకి పట్టి ఉంచే భాగాలు) అరిగాయి. తర్వాత ఆపి వెనక టైర్ల లోపలి అంచుని చేత్తో తడిమి చూడండి. బయటినుంచి కొత్తలా ఉండి లోపల తీగలు తగులుతుంటాయి. వెనక చక్రాలు పైభాగం లోపలికి వాలి ఉండటం వల్ల ఈ కారుకి ఇది మామూలు. నాలుగు తలుపుల హ్యాండిళ్లూ రెండేసిసార్లు బయటికి రప్పించి తెరవండి.

పెద్ద వెనక మోటారులో సీల్ కారి లోపలికి కూలెంట్ దిగే గొడవ గురించి చదివి ఉంటారు. అది రియర్ వీల్ డ్రైవ్, పెర్ఫార్మెన్స్ మోడళ్లలో. 75డిలో ముందూ వెనకా చిన్న మోటార్లే, ఆ భయం మీకు లేదు.

టైటిల్ సాల్వేజ్ (పెద్ద దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన కారు) అయితే చూడటం కూడా దండగ, ఫాస్ట్ చార్జింగ్ ఆపేస్తారు.

ఇర్వింగ్‌వాసి:

చాలా చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో మూడు సంగతులు. లీజింగ్ ఆఫీసులో అడిగితే గ్యారేజీ అద్దెకి ఉంది, నెలకి 125 డాలర్లు, లోపల మామూలు 120 వోల్టుల ప్లగ్ ఉంది అన్నారు. మోడల్ ఎస్ అమ్మే ఆయన ఫ్రీ సూపర్‌చార్జింగ్ ఉందంటున్నారు. ఇంకొకరు 2013 ప్రియస్ 8,500కే ఇస్తామంటున్నారు, అది కొని మిగతా డబ్బు దాచుకోమని స్నేహితుడి సలహా.

నట్టుబోల్టు:

గ్యారేజీ లెక్క వేద్దాం. 120 వోల్టుల ప్లగ్ నుంచి 12 ఆంపియర్లు, అంటే 1.4 కిలోవాట్లు. మోడల్ ఎస్‌కి గంటకి 3 మైళ్లు. రాత్రి 12 గంటలు పెట్టినా 36 మైళ్లు, మీకు కావలసింది 60. ఆ 36 మైళ్లకి సూపర్‌చార్జర్ దగ్గర 12 యూనిట్లు, 4.80 డాలర్లు. ఈ ప్లగ్‌లో నష్టం ఎక్కువ, 12 గంటలకి 17 యూనిట్లు, 14 సెంట్ల చొప్పున 2.40. రోజుకి మిగిలేది 2.40, ఏడాదికి 600. గ్యారేజీ అద్దె ఏడాదికి 1,500. చార్జింగ్ కోసమని తీసుకుంటే నష్టమే. వడగళ్ల భయానికి తీసుకుంటే అది వేరే లెక్క.

తీసుకున్నా రెండు చూసుకోండి. అలాంటి ప్లగ్ చాలాచోట్ల పక్క గ్యారేజీలతో, తలుపు మోటార్లతో కలిసి ఒకే బ్రేకర్ మీద ఉంటుంది. 12 ఆంపియర్లు రాత్రంతా లాగితే పక్కవాళ్లు తలుపు తీసినప్పుడల్లా బ్రేకర్ పడిపోతుంది. కారులో 8కి తగ్గించుకోవాల్సి వస్తుంది. ఆ కరెంటు ఎవరి ఖాతాలో ఉంది, కారు చార్జింగ్‌కి ఒప్పుకుంటారా అన్నది లీజులో రాతపూర్వకంగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ త్రాడు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

ప్లగ్ మీద మమకారం పోకపోతే 2017-22 ప్రియస్ ప్రైమ్ చూడండి. 8.8 యూనిట్ల బ్యాటరీ, అదే మామూలు ప్లగ్‌తో ఐదున్నర గంటల్లో నిండుతుంది, 25 మైళ్లు కరెంటు మీద, తర్వాత గ్యాలన్‌కి 54. ఐదు సీట్లు 2020 నుంచే, అంతకుముందువి నాలుగే సీట్లు, అమ్మానాన్న వస్తున్నారు కాబట్టి గుర్తుంచుకోండి. అయితే దాని కోసం కూడా గ్యారేజీ అద్దె కట్టొద్దు. రోజుకి అర గ్యాలన్ ఆదా, కరెంటు పోను మిగిలేది 60 సెంట్లు.

హైబ్రిడ్‌మెకానిక్:

2013 మాత్రం వద్దు. ధర చూసి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

2010-15 ప్రియస్‌లో పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ ఉంటుంది. లక్ష మైళ్లు దగ్గరపడేసరికి దాని సన్నటి గొట్టాల్లో మసి గట్టిపడుతుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కి పోయే చిన్న రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. ఒక సిలిండర్‌కి పొగ అందుతుంది, ఇంకోదానికి అందదు. అందనిది ఎక్కువ వేడెక్కుతుంది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) అక్కడ లొంగిపోతుంది. నేను పైన చెప్పిన చల్లటి స్టార్ట్‌లో ఊగుడు ఇదే. ఆ స్థితికి వచ్చాక కూలర్ కడిగినా లాభం లేదు, హెడ్ విప్పాల్సిందే.

ఎవరైనా ఆ తరం కారు వాడుతుంటే 50, 60 వేల మైళ్లకోసారి కూలర్, వాల్వ్, మానిఫోల్డ్ మూడూ విప్పి కడగండి. వైపర్ల కింది పళ్లెం తీస్తేగానీ కూలర్ చేతికందదు, ఇంజిన్ వెనకవైపు ఉంటుంది. ఆక్సీక్లీన్ కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, ఒకవైపు నీళ్లు పోస్తే రెండోవైపు నుంచి అడ్డం లేకుండా పారేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఒక్క పూటలో అయ్యే పని కాదు. కూలర్ ఒక్కటే కడిగి మానిఫోల్డ్ వదిలేస్తే సగం పని చేసినట్టే. ఆ తరంలో బ్రేక్ పంపు కూడా ఖరీదైన జబ్బు: బ్రేక్ తొక్కకపోయినా కొన్ని సెకన్లకోసారి గుర్‌మని మోత వస్తే తప్పుకోండి.

2016 తర్వాతి తరంలో ఈ గ్యాస్కెట్ గొడవ బాగా తగ్గింది. 2015 జూన్ నుంచి 2018 మే మధ్య తయారైనవాటికి ఇంజిన్ వైర్ల కట్ట కవరుకి రాసుకుని షార్ట్ అయ్యే ప్రమాదం మీద రీకాల్ ఉంది, అవి చూసేటప్పుడు విన్‌తో సరిచూసుకోవాలి.

వోల్ట్‌మీటర్:

ఫ్రీ సూపర్‌చార్జింగ్ మాట నమ్మి ధర పెంచకండి. 2017 జనవరి 15కి ముందు ఆర్డర్ చేసిన కార్లకే అది కారుతో పాటు కొత్త ఓనరుకి వచ్చేది. ఆ తర్వాత వచ్చిన ఆఫర్లు ఓనరుకి కట్టినవి, ఖాతా మారగానే పోతాయి. పాతవాటిలో కూడా ఒకసారి టెస్లాకి తిరిగి వెళ్లి మళ్లీ అమ్ముడైతే తీసేసి ఉంటారు. 2018 కారు కాబట్టి లేదనుకునే బేరమాడండి. సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్‌కి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 4,000 డాలర్ల పన్ను మినహాయింపు కూడా 2025 సెప్టెంబరు 30తో ముగిసింది, డీలరు అది చూపించి లెక్క చెబితే ఆపండి.

హ్యూస్టన్ 240 మైళ్లు. ఈ వయసు 75డి 75 మైళ్ల వేగంలో 190 మైళ్లు పోతే గొప్ప. ఐ-45 మీద కార్సికానా, హంట్స్‌విల్ రెండుచోట్లా సూపర్‌చార్జర్లు ఉన్నాయి, ఒక స్టాప్‌తో అయిపోతుంది. ప్రియస్ 11.3 గ్యాలన్ల ట్యాంకుతో వెళ్లి వచ్చేస్తుంది.

ఏడాదిలో ఇల్లు కొనే ఆలోచన ఉంటే మాత్రం నా మాట వేరు. అప్పుడు 2018 కాదు, వారంటీ ఇంకా మిగిలిన మోడల్ ఎస్ కొనండి, గోడకి వైరింగ్ సరిగ్గా చేయించండి. 60 ఆంపియర్ల బ్రేకర్ మీద 48 లాగాలంటే మామూలు 6 గేజ్ రోమెక్స్ (ఇళ్లలో వాడే కేబుల్) చాలదు, దానికి 55 ఆంపియర్లే అనుమతి. గొట్టంలో 6 గేజ్ టీహెచ్‌హెచ్‌ఎన్ (విడి వైర్లు) వేయాలి, లేదా 4 గేజ్ రోమెక్స్. ప్లగ్ పెట్టించుకుంటే 14-50 సాకెట్ (240 వోల్టుల పెద్దది) చవకది వద్దు. వంటపొయ్యికి అప్పుడప్పుడు వాడే రకం గంటల తరబడి 32 ఆంపియర్లు మోయలేక కరిగిపోతుంది. హబ్బెల్ లాంటి ఇండస్ట్రియల్ రకం పెట్టించి, స్క్రూలు టార్క్ రెంచితో దాని మీద రాసిన అంకెకి బిగించమని చెప్పండి. సాకెట్ కాలిపోయేది చాలాసార్లు వదులు స్క్రూ దగ్గరే.

ఇర్వింగ్‌వాసి:

ఇల్లు ఇంకో మూడేళ్లదాకా లేదు. గ్యారేజీ తీసుకోవడం లేదు. 2020 ప్రియస్ ఎల్‌ఈ ఫ్రంట్ వీల్ డ్రైవ్ 61 వేల మైళ్లది ఫోర్ట్‌వర్త్‌లో 18,900కి కనబడింది. శనివారం పొద్దున్నే వెళ్తున్నాను, డాంగిల్ ఆర్డర్ చేశాను. ఇంకేమైనా ఉందా?

హైబ్రిడ్‌మెకానిక్:

డాంగిల్ పెట్టగానే బ్యాటరీకంటే ముందు ఎమిషన్ మానిటర్లు (పొగ విషయంలో కారు తనని తాను చేసుకునే పరీక్షలు) చూడండి. సగం పైన నాట్ రెడీ అని వస్తే చెక్ ఇంజిన్ లైట్‌ని నిన్నో మొన్నో చెరిపేశారన్నమాట. అలాంటప్పుడు ఎమిషన్ టెస్ట్ పాసై చూపించాకే డబ్బు ఇస్తానని చెప్పండి. 12 వోల్టుల బ్యాటరీ ఈ తరంలో బానెట్ కిందే ఉంటుంది, దాని మీద తేదీ చూడండి. మన ఎండలకి నాలుగేళ్లు దాటితే మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకోండి. అది బలహీనమైతే పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా కారు రెడీ అవదు, తెర మీద సంబంధం లేని హెచ్చరికలు కూడా వస్తాయి.